డిపెండెంట్‌కు అసలు అర్థం

ఒక మనిషి ఆరోగ్యంగా ఉన్నాడని డాక్టర్లు తేల్చి చెబితే ఇంటిల్లిపాదీ మొహాలు వేలాడేసుకునే చోటు ఒకటుంది. మణుగూరు బొగ్గు కాలనీ. అక్కడ "ఫిట్" అన్నది చావు కబురు. "అన్‌ఫిట్" అంటే మిఠాయి డబ్బా. బాయిలో, అంటే బొగ్గు గనిలో, ఏళ్ల తరబడి చాకిరీ చేసి ఒళ్లు గుల్లయినవాణ్ణి మెడికల్ బోర్డు ఇక పనికిరాడని తేలిస్తే, ఆ ఉద్యోగం అతని ఇంట్లోనే, అతను పేరు ఇచ్చిన ఇంకొకరికి వస్తుంది. ఆ ఇంకొకరి పేరు డిపెండెంట్. అందుకే బోర్డుకు వెళ్లొచ్చిన మనిషిని వీధి మొదట్లోనే ఆపి, "ఏమాయె, ఫిట్టా అన్‌ఫిట్టా?" అని అడుగుతారు. ఫిట్ అన్నారని చెబితే భుజం మీద చెయ్యేసి, "బాధపడకు, మళ్లసారి అన్‌ఫిట్ అయితవు తీ" అని ధైర్యం చెబుతారు.

ఈ ఇంగ్లీషు విని ఒళ్లు మండే మనిషి ఆ కాలనీలో ఒక్కడే. బాయి కార్మికుడు పూల్‌సింగ్ పెద్దకొడుకు బలరాం.

బలరాంకు ఇంగ్లీషంటే పిచ్చి. ఉద్యోగం కోసం పట్టిన పిచ్చి కాదది. ఇంట్లో లంబాడీ, వీధిలో తెలుగు, దుకాణాల దగ్గర సగం ఉర్దూ. ఇవేవీ అతను కూర్చుని నేర్చుకున్నవి కావు, ఒంటికి అంటుకున్నవి. ఇంగ్లీషు ఒక్కటే తనంతట తాను సంపాదించుకున్నది. తన సొమ్ముమీద ఎవరైనా బురద కాళ్లు పెడితే ఎలా ఉంటుందో, తప్పు ఇంగ్లీషు వింటే అతనికి అలా ఉంటుంది. కాలనీవాళ్లు అతనికి డిక్షనరీ అని పేరు పెట్టారు. పొగడ్త అనుకునేరు, కాదు. చిన్నపిల్లలు కూడా వెనకనుంచి "డిక్షనరీ, గుడ్ నేమ్ ఏంది?" అని అరిచి పారిపోయేవాళ్లు. దొరికినవాణ్ణి బలరాం నిలబెట్టి చెప్పేవాడు: పేర్లలో మంచి పేరు, చెడ్డ పేరు ఉండవురా, పేరు అడిగితే చాలు అని.

పక్క క్వార్టరు ప్రభాకర్ కూతురు సాహిత్య నర్సింగు పూర్తి చేసి వచ్చి, పోయిన నెల పాసౌట్ అయిన అన్నా, అని సంబరంగా చెప్పింది. బలరాం ఎంతో బాధ నటిస్తూ, "అయ్యో, నీళ్లు ఎవరు చల్లిన్రు?" అన్నాడు. ఆ పిల్లకు అర్థం కాలేదు. పాసౌట్ అంటే స్పృహ తప్పి పడిపోవడమని, చదువు అయిపోతే అట్లా అనకూడదని విడమరిచి చెప్పాడు. ఆమె తక్కువది కాదు. "పడిపోతే పడిపోయిన గానీ, సర్టిఫికెట్ చేతుల పట్టుకునే పడిపోయిన. మరి నువ్వు?" అంది.

ఇంకోసారి అతనికే పెళ్లి సంబంధం వచ్చింది. తెచ్చిన పెద్దమనిషి, అమ్మాయి చాలా హోమ్లీ అని రెండుసార్లు అన్నాడు. బలరాం ఊరుకుంటే పోయేది. హోమ్లీ అంటే కొన్ని దేశాల్లో మొహం అంతంతమాత్రం అని అర్థమండీ, ఇంకోచోట అనకండి, అని హితవు చెప్పాడు. ఆ మాట అమ్మాయి తండ్రి దాకా వెళ్లింది. సంబంధం పోయింది. తల్లి చాంది చాలా రోజులు అతనికి అన్నం పళ్లెంలో కాకుండా మొహాన పెట్టినట్టు పెట్టింది.

సాహిత్య అడిగిన "మరి నువ్వు?" వెనక కథ ఇది. బలరాం ఖమ్మంలో డిగ్రీ చదివాడు. సగంలో ఆపేశాడు. ఆపేశాడనడం తప్పు, ఆపించారు. రెండో ఏడు నడుస్తుండగా పూల్‌సింగ్ బాయిలో జారిపడి మోకాలు చితక్కొట్టుకున్నాడు. దవాఖానా మంచం మీద నుంచే కొడుక్కి ఫోన్ చేసి, ఈసారి అన్‌ఫిట్ ఖాయమని, డిపెండెంటువు నువ్వేనని, ఆ చదువు ఇంక ఎందుకు, వచ్చేయమని చెప్పాడు. బలరాం పుస్తకాలు ఒక దోస్తుకు ఇచ్చేసి, హాస్టలు గది ఖాళీ చేసి బస్సెక్కాడు. అతను ఇల్లు చేరాక బోర్డు ఫలితం వచ్చింది. ఫిట్. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు.

మళ్లీ చేరదామంటే, ఇయ్యాల్ల కాకుంటే రేపు, కాలేజీకి పోయి ఏం చేస్తవు అన్నారు. ఆ రేపు ఏళ్లు గడిచినా రాలేదు. పూల్‌సింగ్ కుంటుకుంటూ డ్యూటీకి పోతూనే ఉన్నాడు, దగ్గుతూ వస్తూనే ఉన్నాడు, బోర్డుకు వెళ్లిన ప్రతిసారీ ఆరోగ్యవంతుడని తేలుతూనే ఉన్నాడు. బలరాం ఊరికే కూర్చోలేక స్టీరింగు పట్టాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి షిఫ్టు మనుషుల్ని బాయి దగ్గరకు తెచ్చి దింపే కిరాయి జీపు. టేకు చెట్ల నడుమ గతుకుల రోడ్డు, ఎండాకాలం ఇప్పపూల వాసన, వానాకాలం బురద. తండ్రి నాగాలు పెట్టిన నెలల్లో ఇల్లు నడిచింది ఆ జీపు మీదనే.

తమ్ముడు కిషన్‌లాల్ సంగతి వేరు. ఐటీఐ సగం, కంప్యూటరు కోర్సు సగం. తర్వాత రంగు చేపల దుకాణం పెట్టాడు. కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం చేపలన్నీ తేలాయి. పాత బండ్ల బేరం పెట్టాడు. కొన్న బండ్లను దోస్తులకు తిప్పడానికి ఇచ్చాడు. చెడ్డవాడు కాదు. నవ్వించేవాడు, పాడేవాడు, తల్లి తల నొక్కేవాడు. అలాంటివాణ్ణి తిట్టడానికి ఎవరికీ నోరు రాదు. బలరాంకూ రాలేదు. పొద్దున లేస్తే ఏం చేస్తావురా అని అతన్ని ఎవరూ అడగలేదు, ఎందుకంటే అన్న ఉన్నాడు.

డిపెండెంట్ అయిన రోజు ఆఫీసుకు వేసుకుపోవాలని బలరాం భద్రాచలంలో నల్లబూట్లు కొన్నాడు. ఒక్కసారి కూడా వేసుకోలేదు. బీరువా మీద డబ్బాలో ఉండేవి. అప్పుడప్పుడు దించి, తుడిచి, మళ్లీ పైన పెట్టేవాడు. అతను మరిచిపోతే చాంది తుడిచేది.

ఒక ఆదివారం పూట పూల్‌సింగ్ క్వార్టరు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మళ్లీ బోర్డుకు పిలుపు వచ్చింది. ఏం తోచిందో, కొడుకును పిలిచి ఒక మాట అడిగాడు.

"అందరు డిపెండెంటు డిపెండెంటు అంటరు గదరా. అసలు ఇంగ్లీషుల ఆ మాటకు మతలబ్ ఏంది?"

తండ్రి తనను ఇంగ్లీషు అడగడం అదే మొదటిసారి. బలరాంకు ఎక్కడ లేని హుషారు వచ్చింది. గుమ్మం పక్కన చాంది వేసిన చిక్కుడు తీగ వెదురు గుంజను అల్లుకుని పైకి పాకుతోంది. దాని దగ్గరకు వెళ్లి చూపించాడు.

"ఇగో బాపూ, గీ తీగ ఉన్నదే, ఇది డిపెండెంటు. ఆనుకొని బతికేది. గుంజ లేకుంటె కింద పడ్తది. మన కాలనోళ్లు ఏం చేస్తున్రంటే, ఇల్లు మోసేటోన్ని డిపెండెంటు అంటున్రు. గుంజను పట్టుకొని తీగ అంటున్రన్నట్టు. తలకిందుల ఇంగ్లీషు."

పూల్‌సింగ్ నవ్వుతాడనుకున్నాడు. నవ్వలేదు. ఆ తీగను చాలాసేపు చూశాడు. అదే వేళకు కిషన్‌లాల్ కళ్లు నులుముకుంటూ బయటికొచ్చి, ఫోన్ రీఛార్జి అయిపోయిందని తల్లి కొంగు పట్టుకున్నాడు. పూల్‌సింగ్ కళ్లు తీగ మీది నుంచి అటు మళ్లాయి. బలరాం అది చూశాడు గానీ పట్టించుకోలేదు. ఒక మాటకు సరైన అర్థం చెప్పిన తృప్తిలో ఉన్నాడు.

ఈసారి బోర్డు పూల్‌సింగ్ మోకాళ్లనూ ఊపిరితిత్తులనూ చూసి, చాలిక అంది. అన్‌ఫిట్. వీధి వీధంతా వచ్చింది. పూల్‌సింగ్‌తో ఒకే షిఫ్టులో ఏళ్లపాటు పనిచేసిన ప్రభాకర్ అతన్ని వాటేసుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బలరాం మిఠాయి డబ్బా పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. "మా బాపు అన్‌ఫిట్ అయిండు, నోరు తీపి చేసుకోన్రి" అని తన నోటితో తనే అన్నాడు. సాహిత్య లడ్డు తీసుకుంటూ, తండ్రికి రోగమొస్తే మిఠాయి పంచుతరా డిక్షనరీ అన్నా, అని ఏడిపించింది. ఆ రోజు అతనికి ఏ తప్పూ తప్పుగా వినపడలేదు.

తర్వాత ఆఫీసు నుంచి పిలుపు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాడు. తండ్రిని అడిగితే, వాళ్లకు టైం పడ్తది, నువ్వు నీ బండి చూసుకో అనేవాడు. చూసుకున్నాడు. ఒక పొద్దున కిషన్‌లాల్ వచ్చి బూట్లు అడిగాడు. భద్రాచలంలో దోస్తు పెండ్లట. బలరాం సందేహించాడు. చాంది పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే, ఒక్కపూటకే గదా, ఇయ్యిరా అంది. ఇచ్చాడు. అవి ఇంకా మెరుస్తున్నాయి. ముందురోజే ఎవరో తుడిచినట్టున్నారు.

ఆ సాయంత్రం షిఫ్టు దిగినవాళ్లను ఎక్కించుకుని జీపు వస్తోంది. ప్రభాకర్ ముందు సీట్లో కూర్చున్నాడు. పగలు ఏదో పని మీద ఆఫీసుకు పోయానని మాటల్లో చెప్పాడు. చెప్పి, మామూలుగా, వాన కబురు చెప్పినట్టు అన్నాడు:

"మీ కిషన్ దొరబాబు లెక్క ఉన్నడు ర. వెరిఫికేషన్ల మీ నాయిన పక్కన నిలబడ్డడు. బూట్లల్ల మొకం కనపడ్తున్నది."

బలరాం గేరు మార్చాడు. ఎవరి వెరిఫికేషన్ మామా, అన్నాడు.

ప్రభాకర్ అతని మొహం చూశాడు. తర్వాత తన చేతుల్లోని టిఫిను డబ్బా చూసుకున్నాడు. "నీకు చెప్పలేదా?" అన్నాడు. వెనక కూర్చున్నవాళ్లలో నవ్వులాట ఆగిపోయింది. వాళ్లకూ తెలుసన్నమాట. జీపులో ఉన్నవాళ్లందరిలో తెలియనివాడు జీపు నడిపేవాడు ఒక్కడే. బలరాం ఒక్కొక్కరినీ వాళ్ల వాళ్ల గుమ్మాల దగ్గర దింపాడు. ఎవరూ రేపు కలుద్దాం అనలేదు.

ఇంటికొచ్చేసరికి బూట్లు గడపలో ఉన్నాయి. వాటి మీద పెండ్లి పందిరి దుమ్ము లేదు, బొగ్గు ధూళి ఉంది. ఆఫీసు ముందు ఉండే ధూళి అది. పూల్‌సింగ్ మంచం మీద, చాంది కింద చాప మీద, కిషన్‌లాల్ గోడకు ఆనుకుని. ముగ్గురూ అతని కోసమే కూర్చున్నట్టున్నారు.

"బాపూ, డిపెండెంటు ఎవరు?"

"కూసో."

"నిలబడే అడుగుతున్న."

పూల్‌సింగ్ దగ్గి, గొంతు సవరించుకున్నాడు. అబద్ధం చెప్పలేదు. అది చెప్పి ఉంటే బలరాంకు ఇంత నొప్పి ఉండేది కాదేమో.

"నువ్వే చెప్తివి గదరా. తీగ అంటివి, గుంజ గాదంటివి. ఆ దినం సంది నా మనసుల అదే తిరుగుతున్నది. నువ్వు తీగవా? నువ్వు నిలబడ్డవు. మమ్ముల గూడ నిలబెట్టినవు. వాడు? నేను పోయినంక వాడు ఎవర్ని పట్టుకొని నిలబడాలె?"

ఆ కాలనీలో అతను చెప్పిన అర్థాన్ని నమ్మి, మనసులో పెట్టుకుని, దాని ప్రకారం నడుచుకున్నవాడు ఒక్కడంటే ఒక్కడు. ఆ ఒక్కడు అతని తండ్రి. అది కూడా అతని గొంతు కోయడానికి.

"మరి నన్ను కాలేజీ నుంచి పిలిపించినవే. అప్పుడు డిపెండెంటు అంటే ఏంది?"

"అప్పుడు నాకు ఇంగ్లీషు రాదు" అన్నాడు పూల్‌సింగ్. వెక్కిరించడానికి అనలేదు. నిజంగానే అన్నాడు.

చాంది లేచి కొడుకు చెయ్యి పట్టుకోబోయింది. నువ్వు బతకనేర్చినోడివి బిడ్డా, వాడట్ల గాదు, జర అడ్జస్ట్ కావాలె, అంది. బలరాం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అడ్జస్ట్ అంటే స్క్రూ జరంత తిప్పుడు, యాడీ. ఊడబీకి పక్కకు పడేసుడు గాదు" అన్నాడు తల్లితో.

కిషన్‌లాల్ గోడ దగ్గర నుంచి కదిలాడు. వాడి కళ్లల్లో నీళ్లున్నాయి. వాడికి నీళ్లు తొందరగా వస్తాయి. నేను అడగలే అన్నా, బాపే అన్నడు, అన్నాడు.

"బూట్లు అడిగినవు గద" అన్నాడు బలరాం. "పెండ్లని అడిగినవు."

పూల్‌సింగ్ నేల చూస్తూ, ఇంకో సంగతి ఉందన్నాడు. ఆఫీసులో నో అబ్జెక్షన్ కావాలన్నారట. ఇంట్లోవాళ్లందరూ సంతకం పెట్టాలి, ముఖ్యంగా పెద్దకొడుకు. సోమవారం రమ్మన్నారు. అప్పుడు బలరాంకు సంగతి అంతా తెలిసొచ్చింది. వాళ్లు ముగ్గురూ తన కోసం కూర్చున్నది నిజం చెప్పడానికి కాదు. సంతకం కోసం. ఆ సంతకం అవసరం లేకపోతే తమ్ముడు మొదటి జీతం తెచ్చేదాకా కూడా అతనికి ఎవరూ చెప్పేవాళ్లు కాదు.

నాలుగు రోజులు అతను ఇంట్లో తినలేదు. తల్లి పుట్టిల్లు ఉన్న తండాకు పోయి, మేనమామ చేను గట్టున కూర్చున్నాడు. వాళ్ల ముందు కూడా ఏమీ చెప్పలేదు. సంతకం పెట్టకపోతే ఏమవుతుంది? తమ్ముడికి రాదు. తనకూ రాదు, ఎందుకంటే తండ్రి తన పేరు ఇవ్వడు. బాయి పూల్‌సింగ్‌ను మళ్లీ తీసుకోదు. నలుగురూ జీపు మీద బతకాలి. అంటే అతని మీద. పెట్టకపోతే గుంజ, పెడితే ఉత్త కట్టె. ఎటు తిప్పినా తీగ మాత్రం అతను కాలేడు. పోనీ ఖమ్మం పోదామా అనుకున్నాడు. పుస్తకాలు ఇచ్చిన దోస్తు ఇప్పుడు ఏదో స్కూల్లో ఇంగ్లీషు సారు. ఆ తలపు దగ్గరే లేచి వచ్చేశాడు.

సోమవారం నలుగురూ ఆఫీసుకు పోయారు. బలరాం చెప్పులతో వెళ్లాడు. బూట్లు కిషన్‌లాల్ వేసుకోలేదు, అతనూ వేసుకోలేదు. అవి గడపలోనే ఉండిపోయాయి. బల్ల వెనక గుమాస్తా మంచి మనిషే. రోజుకు ఇలాంటి కుటుంబాలు ఎన్నో చూసేవాడు కాబట్టి తల ఎత్తకుండానే అడిగాడు.

"నో అబ్జెక్షన్ గదా? ఇక్కడ పెట్టు."

"సార్, ఇది అడుగుతున్రా, చెప్తున్రా?" అన్నాడు బలరాం.

గుమాస్తా తల ఎత్తాడు. పూల్‌సింగ్ కర్ర మీద రెండు చేతులూ బిగించాడు. చాంది కొంగు నోట్లో పెట్టుకుంది.

"నో అబ్జెక్షన్ అంటే నాకు అభ్యంతరం లేదని. నాకుంది. నా చదువు పోయింది, ఉద్యోగం పోయింది, మా ఇంట్ల నాకు తప్ప అందరికి తెల్సు. అబ్జెక్షన్ ఉంది సార్."

గుమాస్తా పెన్ను మూసి, అట్లయితే ఫైలు ఇక్కడే ఆగుద్ది తమ్మీ, నీ ఇష్టం, అన్నాడు. కిషన్‌లాల్ తలుపు దగ్గర నిలబడి అన్న వైపు కాక తండ్రి వైపు చూస్తున్నాడు. ఇంతమందిలో ఒక్కడైనా, బలరాం అన్నది నిజమే, అంటాడేమోనని అతను కొంచెంసేపు ఆగాడు. పూల్‌సింగ్ పెదవులు కదిలాయి. దగ్గు వచ్చింది. అంతే.

బలరాం గుమాస్తా చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. పేరు పొడి అక్షరాల్లో కాకుండా పూర్తిగా, చక్కగా, కాలేజీలో రాసినట్టు ఇంగ్లీషులో రాశాడు. అతను తెలిసి తెలిసి రాసిన తప్పు ఇంగ్లీషు జీవితంలో అదొక్కటే.

కిషన్‌లాల్ మెడికల్‌లో ఫిట్ అయ్యాడు. ఆ ఇంట్లో ఫిట్ అన్న మాటకు సంబరం జరగడం అదే మొదలు. చాంది ఒక మిఠాయి పళ్లెంలో తీసి పెద్దకొడుకు కోసం మూతపెట్టి ఉంచింది. చీమలు పట్టాయి.

ఇప్పుడు బలరాం వేరే గది కిరాయికి తీసుకుని ఉంటున్నాడు. జీపు అదే. మొదటి షిఫ్టుకు ఎక్కేవాళ్లలో కిషన్‌లాల్ కూడా ఉంటాడు. ఆ దారికి ఇంకో బండి లేదు. వెనక సీట్లో కూర్చుంటాడు, ముందు ఖాళీ ఉన్నా. పాడటం మానేశాడు. దిగేటప్పుడు, వస్తానన్నా, అంటాడు. బలరాం గేటు వైపు చూస్తూ తల ఊపుతాడు.

మొన్నొక పొద్దున సాహిత్య దవాఖానా డ్యూటీకి వెళ్తూ జీపు ఆపింది. బలరాం ఈమధ్య ఎవరినీ దిద్దడం లేదని, ఎంత తప్పు మాట్లాడినా వినీవిననట్టు ఉంటున్నాడని కాలనీలో అనుకుంటున్నారు. ఆ సంగతి తేల్చుకోవాలని వచ్చినట్టుంది. కిటికీ దగ్గరకు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని, స్టేజీ మీద నిలబడ్డట్టు నిలబడింది.

"మైసెల్ఫ్ సాహిత్య. పోయిన యాడాది పాసౌట్. గుడ్ నేమ్ ఆఫ్ ఫాదర్, ప్రభాకర్" అంది. అని, అతని మొహంలోకి చూసింది.

వెనక కూర్చున్నవాళ్లు నవ్వు ఆపుకుంటూ ఎదురుచూశారు. కిషన్‌లాల్ కూడా తల ఎత్తాడు.

"మంచిది" అన్నాడు బలరాం. "ఎక్కు. టైమైతున్నది."